విషం విషంలాగే కనిపించాలి



తార్నాక చౌరస్తా దగ్గర బస్సు దిగి ఏ వైపు నడిచినా విషాల గురించి లోతుగా చదివినవాళ్లు పనిచేసే చోటు ఒకటి ఎదురవుతుంది. ఉప్పల్ దారి పట్టుకుంటే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఐఐసీటీ. పాతకాలపువాళ్లు ఇప్పటికీ దాన్ని ఆర్‌ఆర్‌ఎల్ అనే అంటారు. 1944లో పుట్టిన ఆ సంస్థ ఎన్నో పురుగుమందులను మన దేశంలోనే తయారుచేసే పద్ధతులు కనిపెట్టింది. పురుగును చంపకుండా వాసనతో ఎరవేసి పట్టే ఫెరోమోన్ల మీదా పనిచేసింది. జామై ఉస్మానియా వైపు జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాద్ చేరింది. కూరగాయలను బాగా కడిగి వండుకోమని, వాటి మీద పురుగుమందు మిగిలి ఉండవచ్చని మనకు పదేపదే చెప్పేది ఆ సంస్థే. అసలు పురుగుమందే లేకుండా పంట తీయవచ్చని రైతులతో కలిసి పనిచేసే సుస్థిర వ్యవసాయ కేంద్రం కార్యాలయం కూడా తార్నాక గల్లీల్లోనే ఉంది. వీటన్నిటికీ ఆనుకుని ఉస్మానియా క్యాంపస్.

ఇంత చదువు నడుమ ఉన్న ఇళ్లలో సింకు కింద అర తెరిచి చూడండి. ఫినాయిల్ పక్కన బొద్దింకల స్ప్రే. దాని వెనక ఊరి నుంచి ఎవరో తెచ్చిచ్చిన పత్తిచేను మందు, సగం సీసా. అందులోంచే కొంచెం మొక్కల కోసమని వేరుగా పోసిపెట్టిన నీళ్ల బాటిల్. బీరువాలో కలరా ఉండలు, పూజగదిలో కర్పూరం, గుమ్మం దగ్గర చీమల చాక్‌పీస్, మంచం పక్కన పిల్లవాడి చేతికి అందే ఎత్తులో దోమల రీఫిల్. వీటిలో ఒక్కదాన్నీ మనం విషం అనుకోం. కిరాణా కొట్టులో సబ్బుల పక్కన దొరికే వస్తువు విషం ఎలా అవుతుందన్నది మన ధీమా.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంట్లో విషం ఉండటం కంటే, ఆ విషం తినే వస్తువులాగో తాగే వస్తువులాగో ఆడుకునే వస్తువులాగో కనిపించడం ఎక్కువ ప్రమాదం.

చీమల చాక్‌పీస్ సంగతే తీసుకోండి. అందులో ఉండేది డెల్టామెత్రిన్ లాంటి సింథటిక్ పైరెత్రాయిడ్. పురుగు నరాలను దెబ్బతీస్తుంది. పెద్దవాళ్లు గుమ్మం వారగా గీత గీసి ఊరుకుంటారు. కానీ పలకా బలపం పట్టే వయసు పిల్లవాడికి అది బడిలో పంతులమ్మ చేతిలో ఉండే చాక్‌పీస్ కాకుండా పోదు. దాంతో నేల మీద అ ఆ లు రాస్తాడు, అదే వేలు నోట్లో పెట్టుకుంటాడు. చెప్పినా అర్థమయ్యే వయసు కాదు. చాక్‌పీస్ మిగిలితే కాగితంలో చుట్టి పిల్లల బల్ల సొరుగులో పడేసే ఇళ్లు నేను చూశాను.

కలరా ఉండలూ అంతే. తెల్లగా, గుండ్రంగా, పిప్పరమెంటు బిళ్లలా ఉంటాయి. వాటిలోని నాఫ్తలిన్ కొందరి ఒంట్లో ఎర్ర రక్తకణాలను చిదిపేస్తుంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. మింగితేనే అని కూడా లేదు. మన ఇళ్లలో పురిటి బిడ్డను కొత్త బట్టలో కాకుండా అమ్మమ్మదో నానమ్మదో మెత్తటి పాత నూలు చీరలో పొదవుకుంటాం. మంచి ఆచారమే. అయితే ఆ చీర ఏళ్ల తరబడి కలరా ఉండల మధ్య బీరువాలో ఉన్నదైతే, ఆ వాసనే బిడ్డకు చాలు. ఉండలతో దాచిన బట్టలు, దుప్పట్ల వల్ల పసికందుల రక్తకణాలు చితికి, పచ్చకామెర్లు ముదిరిన సంగతిని గ్రీసు వైద్యులు 1963లోనే రాసిపెట్టారు. బిడ్డకు వాడబోయే బట్టను ముందుగా ఉతికి ఎండలో ఆరేసి తీరాలి. ఇంట్లో పసిబిడ్డ ఉన్నన్నాళ్లూ కలరా ఉండలు కొనకపోవడం ఇంకా మంచిది. ఎండు వేపాకు, లవంగాలు గుడ్డలో కట్టి పెట్టుకోవచ్చు. వాటి పనితనం కొంచెం తక్కువే. చీరకు ఒక చిల్లు పడితే పడనీయండి.

బొద్దింకల కోసం ఇంట్లో చేసుకునే ఉండలు ఇంకొకటి. బోరిక్ పౌడర్, గోధుమపిండి, పంచదార, కాసిని పాలు కలిపి గోళీల్లా చుట్టి గ్యాస్ స్టవ్ వెనకాల పెడతారు. క్యారమ్స్ బోర్డు మీద చల్లే పౌడరే కదా అన్న చనువుతో చేస్తారు. బొద్దింకల మీద ఇది బాగా పనిచేస్తుంది, కాదనను. కానీ మనం తయారుచేసింది పంచదార కలిపిన విషపు లడ్డు. దాన్ని పాకే పిల్లలు, పెంపుడు కుక్కలు ఉన్న ఇంట్లో నేల మీద పెట్టకూడదు. పెట్టక తప్పదంటే చెయ్యి దూరని సందులో, చిన్న కన్నం చేసిన మూత డబ్బాలో పెట్టండి. ఎన్ని పెట్టారో రాసుకుని అన్నీ తిరిగి తియ్యండి.

ఇక సీసా మార్చడం. 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. పురుగుమందు డబ్బాలో నూనె పోయడం వల్ల జరిగిన ఘోరం అది. మన పత్తిచేలల్లో రైతులు ‘మోనో’ అని పిలిచే మందే. డబ్బా నుంచి కూల్‌డ్రింక్ సీసాలోకి మందు పోసినా, మందు డబ్బాలోకి నూనె పోసినా జరిగేది ఒకటే. విషం తన పేరు పోగొట్టుకుంటుంది. మొక్కల కోసం మీరు నీళ్ల బాటిల్‌లో పోసిపెట్టిన మందు మీకు గుర్తుంటుంది. మధ్యాహ్నం ఎండనపడి వచ్చిన బంధువుకు, పనమ్మాయికి, స్నేహితుడి గదికి వచ్చిన హాస్టల్ కుర్రవాడికి గుర్తుండదు.

పురుగుమందుల చట్టం మనకు వచ్చిందే ఇలాంటి ఒక దుర్ఘటన మీద. 1958లో కేరళలోనూ అప్పటి మద్రాసు రాష్ట్రంలోనూ పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని నూరు మందికి పైగా చనిపోయారు. ఓడలో ఆహారమూ విషమూ పక్కపక్కనే ప్రయాణం చేశాయి, మూటల్లోకి మందు కారింది. ఆ తర్వాత పదేళ్లకు, 1968లో, పార్లమెంటు చట్టం చేసింది. 1971 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దోమల కాయిల్ అయినా, పొలం మందు అయినా కేంద్ర క్రిమిసంహారక మండలి దగ్గర నమోదు కాకుండా అమ్మరాదని, డబ్బా మీద విషం ఎంత తీవ్రమైనదో గుర్తు వేయాలని ఆ చట్టం చెబుతోంది.

ఆ గుర్తు ఒక్కసారి చూడండి. మొన మీద నిలబెట్టిన చదరం, అడ్డంగా రెండు సగాలు. కింది సగం ఎరుపైతే అత్యంత తీవ్రమైన విషం, పై సగంలో పుర్రె, ఎముకల బొమ్మ ఉంటుంది. తీవ్రత పసుపుకి కొంచెం తక్కువ, నీలానికి ఇంకా తక్కువ, ఆకుపచ్చకి అన్నిటికన్నా తక్కువ. ఆకుపచ్చ అంటే మంచిదని కాదు, దానికీ జాగ్రత్త తప్పదు. ఇంట్లో వాడే దోమల, బొద్దింకల మందుల మీద మామూలుగా నీలమో ఆకుపచ్చో కనిపిస్తుంది. మీ సింకు కింద ఎర్ర గుర్తు డబ్బా ఉందంటే అది ఇంట్లో ఉండాల్సింది కాదు, పొలానికి సంబంధించినది. దాన్ని ఇంట్లోనూ కుండీల్లోనూ వాడటానికి వీల్లేదు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద కొట్టకూడదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. మిద్దె మీద నాలుగు బెండ మొక్కలు పెట్టుకుని, పచ్చదోమ పట్టిందని దాన్నే చల్లి, ఎల్లుండి అదే బెండకాయ వేపుడు తినే వాళ్లకు ఈ మాట ఎవరైనా చెప్పాలి.

రంగు చూశాక వెనక్కి తిప్పండి. రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, మందు రసాయన పేరు ఉందా, విరుగుడు ఏమిటని రాశారా చూడండి. అక్షరాలు చీమ కాళ్లంత ఉంటాయి, నిజమే. సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. ఈ మూడూ లేని వస్తువు ఎంత చవకైనా కొనకండి. ముఖ్యంగా దోమల అగరుబత్తీలు. పేరు మూలికలది, వాసన సాంబ్రాణిది, కానీ ఏ అనుమతీ లేని రసాయనాలు కలిపినవి బజార్లో తిరుగుతున్నాయి. పూజగది వస్తువులా కనిపించడమే వాటి బలం. ఒక పుల్ల వెలిగించగానే గదిలో దోమలన్నీ టపటపా రాలిపోతే సంతోషపడకండి, దాంట్లో ఏముందని అడగండి.

దోమల మాట వచ్చింది కాబట్టి కొంచెం ఆగుదాం. దోమకూ మన ఊరికీ చరిత్రలో పెద్ద ముడి ఉంది. 1897 ఆగస్టు 20న సర్ రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లోనే దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలకు తన రక్తం ఇచ్చిన మలేరియా రోగి హుసేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. ఆ పరిశోధన జ్ఞాపకంగా బేగంపేటలో నిలిచిన రాస్ సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందే ఉంది. దోమ మనిషికి రోగం ఎలా ఎక్కిస్తుందో ప్రపంచానికి చెప్పిన ఊరు మనది. ఆ ఊళ్లో డెంగీ కాలం వచ్చేసరికి మనం చేసేది తలుపులు మూసి కాయిల్ వెలిగించడం.

మూసిన గదిలో కాయిల్ గురించి 2003లో ఒక పరిశోధన వచ్చింది. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి, 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చే ధూళితో సమానమని తేల్చారు. అది మందు వల్ల వచ్చేది కాదు, కాయిల్‌లో ఉన్న రంపపు పొట్టు, బంక లాంటివి కాలడం వల్ల వచ్చే పొగ. ఉబ్బసం ఉన్న పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు పడుకునే గదిలో కాయిల్ వద్దే వద్దు. వరండాలోనో మిద్దె మీదో అయితే సరే. ప్లగ్గుకు తగిలించే లిక్విడ్ రీఫిల్‌లో పొగ లేదు. కానీ అందులో మందు చాలా కొద్ది, మిగతాదంతా కిరోసిన్ జాతి నూనె. చంటిబిడ్డ రీఫిల్ ఊడదీసి నోట్లో పెట్టుకుంటే ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. కడుపులోకి పోవడం కన్నా అది ప్రమాదం. అందుకే ప్లగ్గు ఎత్తులో ఉండాలి, ఖాళీ రీఫిల్ ఆటవస్తువు కాకూడదు, కిటికీ కొంచెం తెరిచే ఉండాలి. నిద్రకు ముందు గంటసేపు వేసి, తీసేసి, దోమతెర దించుకుంటే అన్నిటికన్నా మేలు. దోమతెరకు విరుగుడు అక్కర్లేదు.

ఒంటికి పూసుకునే క్రీములు లేబుల్ ప్రకారం వాడితే నమ్మదగినవే. పిల్లలకు పెద్దవాళ్లు తమ చేతిలో వేసుకుని పూయాలి, సీసా పిల్లల చేతికివ్వకూడదు. పిల్లల అరచేతులకు, కళ్ల దగ్గర, నోటి దగ్గర, గాయాల మీద రాయకూడదు. బట్టల కింద దాగిన ఒంటికి అక్కర్లేదు. ఇంటికి రాగానే కడిగేయాలి. రెండు నెలలు నిండని బిడ్డకు ఇవేవీ వద్దు, తెర ఒక్కటే. డెంగీ దోమ పొద్దున పూటా, సాయంత్రం చీకటి పడేలోపూ కుడుతుంది. కాబట్టి క్లాసులకు వెళ్లే పిల్లలు రాత్రి పడుకోబోయే ముందు పూసుకుని పగలు మరిచిపోతే లాభం లేదు.

ఇవన్నీ కూడా రెండో మాటే. మొదటిది నీళ్లు. తార్నాక, లాలాపేట, హబ్సిగూడ వైపు చాలా ఇళ్లకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు. డ్రమ్ములు నింపుకోక తప్పదు. హాస్టళ్లలో ఎండాకాలం పోయినా కూలర్ల అడుగున నీళ్లు అలాగే ఉంటాయి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటిమట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకు. ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. అందుకే డ్రమ్ము వంచేసి మళ్లీ నింపితే చాలదు, లోపలి గోడలను బ్రష్షుతో గట్టిగా రుద్దాలి. గుడ్డు నుంచి దోమ అయ్యేసరికి వారం, పది రోజులు. కాబట్టి వారానికి ఒక్కసారి రుద్దితే పుట్టుకే ఆగుతుంది. 2020లో ప్రభుత్వం ప్రతి ఆదివారం ఉదయం 10 గంటలకు 10 నిమిషాలు ఇంటి చుట్టూ నీళ్లు చూసుకోమని చెప్పింది ఇందుకే. మంచి కార్యక్రమం. ఎవరూ చెప్పకపోయినా కొనసాగించదగినది. వీధిలో ఫాగింగ్ బండి వచ్చినప్పుడు ఆ తెల్లటి పొగలో పిల్లలు పరుగులు తీస్తారు. ఆ పొగలో ఉన్నది పురుగుమందూ డీజిలూ. పిల్లల్ని లోపలికి పిలిచి, అన్నం గిన్నెలూ నీళ్ల బిందెలూ మూసిపెట్టండి. ఎగిరే దోమను అది చంపుతుంది, డ్రమ్ములో ఉన్న పిల్లపురుగును ఏమీ చేయదు.

ఇప్పుడు హాస్టల్ గదులకు వద్దాం. క్యాంపస్‌లో పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లల నోట నేను ఎక్కువగా విన్న ఫిర్యాదు మెస్సు మీద కాదు, నల్లుల మీద. పరీక్షల ముందు రాత్రంతా నిద్రలేక ఎర్రబడిన కళ్లతో వస్తారు. అలాంటి విసుగులో మనిషి ఏ మందైనా కొడతాడు. ఒకప్పుడు అందరూ వాడింది నువాన్. దాని అసలు పేరు డైక్లోర్వాస్. 2020 డిసెంబరు 31 నుంచి దాన్ని దేశంలో పూర్తిగా నిషేధించారు. పాత సీసా ఎక్కడైనా దొరికినా, ఎవరైనా చాటుగా ఇచ్చినా ముట్టుకోకండి.

అంతకన్నా భయంకరమైనది బియ్యం బస్తాల్లో పెట్టే గోలీ, అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తడి తగలగానే ఫాస్ఫీన్ అనే వాయువు వదులుతుంది. కుళ్లిన చేపలాగో వెల్లుల్లిలాగో వాసన వస్తుంది, కొన్నిసార్లు తెలియదు కూడా. దీనికి విరుగుడు మందు లేదు. గోదాముల్లో, శిక్షణ ఉన్నవాళ్లు మాత్రమే వాడాల్సిన వస్తువు అది, మామూలు మనుషులకు అమ్మడమే తప్పు. దాన్ని నల్లుల కోసం మంచం కింద, పురుగు పట్టకుండా ఉండటానికి పడకగదిలోని బియ్యం బస్తాలో పెట్టుకుని నిద్రపోయే ధైర్యం ఎవరూ చేయవద్దు. పక్కగదిలోకీ గోడ సందుల్లోంచి ఆ గాలి పోతుంది. బియ్యానికి వేపాకు, ఎండుమిరపకాయలు ఉన్నాయి. కందిపప్పుకు కాసింత ఆముదం పట్టించి దాచడం మన అమ్మలకు తెలిసిన పద్ధతే.

నల్లికి నిజమైన శత్రువు వేడి. 50 డిగ్రీలు దాటిన వేడి లోపలిదాకా తగిలితే నల్లీ బతకదు, దాని గుడ్డూ బతకదు. పైరెత్రాయిడ్ మందులకు చాలాచోట్ల నల్లులు అలవాటుపడిపోయాయి కానీ వేడికి ఏ పురుగూ అలవాటుపడలేదు. పూర్వం ఇళ్లలో నులక మంచాన్ని నడివాకిట్లో వేసి, కోళ్లలోకీ కీళ్లలోకీ సలసల కాగే నీళ్లు పోసేవాళ్లు. హాస్టల్‌లో ఇనుప మంచాలకూ అదే పని చేయవచ్చు. నీళ్లు ఒంటి మీద ఒలకకుండా ఇద్దరు కలిసి చేయండి. దుప్పట్లు, దిండు గలీబులు వేడినీళ్లలో ఉతకాలి. బట్టలను నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి మే ఎండలో మిద్దె మీద రోజంతా ఉంచాలి. పరుపును ఊరికే ఎండలో పరిస్తే నల్లులు చల్లగా ఉన్న అడుగుకు దిగిపోతాయి, అందుకని తిప్పుతూ ఉండాలి. ఒక్క గది చేస్తే లాభం లేదు, ఆ వరస గదులన్నీ ఒకే రోజు చేయాలి. ఇది విద్యార్థుల పని మాత్రమే కాదు, హాస్టల్ వార్డెన్లదీ కార్యాలయానిదీ కూడా. పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిస్తే ఏ మందు కొడుతున్నారో కాగితం మీద రాయించుకోండి. గదిలోకి మళ్లీ ఎప్పుడు వెళ్లవచ్చో అడగండి. వెళ్లాక ముందు కిటికీలు తీసి, ఫ్యాను వేసి, కాసేపు బయటే ఉండండి.

స్ప్రేల విషయంలో ఒక్క మాట. ఆ డబ్బాలో మందును బయటికి నెట్టే వాయువు వంటగ్యాస్ లాంటిదే, భగ్గున అంటుకుంటుంది. దీపం వెలుగుతున్న పూజగదిలో, వెలిగిన స్టవ్ దగ్గర కొట్టకూడదు. ఖాళీ డబ్బాను మంటలో వేయకూడదు, మేకుతో పొడవకూడదు. ఇంట్లో చేపల తొట్టి ఉంటే మూసి, గాలి మోటారు ఆపాలి. పైరెత్రాయిడ్లు చేపలకు కాలకూటం. పిల్లులకూ అంతే. కుక్కల గోమార్లకు వేసే పర్మెత్రిన్ మందు పిల్లికి వేస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

క్యాంపస్ వైపు ఇళ్లలో చెట్లూ రాళ్లూ ఎక్కువ కాబట్టి పాముల భయం కూడా ఉంటుంది. వాకిట్లో కార్బాలిక్ యాసిడ్ సీసాలు పెడతారు. దాంతో పాము రాదనడానికి ఆధారం లేదు. ఆ యాసిడ్ చేతి మీద పడితే మాత్రం చర్మం కాలుతుంది, ఒంట్లోకీ ఇంకుతుంది. ఇటుకల కుప్ప, చెత్త తీసేయండి. ఎలుకలు తగ్గితే పాములూ తగ్గుతాయి. పాము కనిపిస్తే దూరంగా నిలబడి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకు కబురు చేయండి.

మిద్దెతోట పెంచుకునేవాళ్లతో ఇప్పుడు కొంచెం తీరిగ్గా మాట్లాడాలని ఉంది. ఎందుకంటే ఇక్కడ విషం లేకుండా పని జరుగుతుంది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామంలో పత్తి రైతులు పురుగుమందుల అప్పుల్లో, మందుల వల్ల వచ్చిన జబ్బుల్లో మునిగిపోయి, 2000 తర్వాత తొలి ఏళ్లలోనే మందు కొట్టడం మానేశారు. ఆ ఊరి మహిళా సంఘాలు ముందు నిలబడ్డాయి. వేపగింజల పొడి, ఎర పంటలు, పసుపు అట్టలతో పత్తి తీసి చూపించారు. ఎకరాలకు ఎకరాలు పత్తి పండించినవాళ్లకు కుదిరింది, నాలుగు కుండీల వంగ మొక్కలకు కుదరదా?

పేనుబంక పట్టిన చిక్కుడు తీగకు ముందుగా చేయాల్సింది పైపుతో ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టడం. సగం పురుగు అక్కడే రాలిపోతుంది. మందారానికి పిండినల్లి పడితే పాత టూత్‌బ్రష్ సబ్బునీళ్లలో ముంచి కణుపుల దగ్గర తోమాలి. తెల్లదోమకు పసుపురంగు అట్టకు ఆముదం రాసి మొక్కల మధ్య నిలబెడితే వాటికవే వచ్చి అంటుకుంటాయి. అప్పటికీ తగ్గకపోతే వేపనూనె. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న చెంచాడు. నూనె నేరుగా నీళ్లలో కలవదు. ముందు ఒక గిన్నెలో నూనెలో కొద్దిగా సబ్బు ద్రవం వేసి తెల్లగా విరిగేదాకా గిలక్కొట్టి, తర్వాత గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. తేనెటీగలు ఇళ్లు చేరాక, పొద్దు వాలాక, ఆకుల అడుగుభాగం తడిసేలా కొట్టాలి. ఎండ తగిలితే వేపలోని అజాడిరాక్టిన్ చెడిపోతుంది, కలిపింది ఆ పూటకే వాడెయ్యాలి. మిగిలింది బాటిల్‌లో దాచకండి.

వేప కదా ఏమీ కాదని నిశ్చింతగా ఉండకూడదు. దగ్గు, జలుబుకని పసిపిల్లలకు వేపనూనె తాగిస్తే మెదడు వాపు, ఫిట్స్, కాలేయం దెబ్బతినడం లాంటివి వచ్చాయని మలేసియా వైద్యులు 1981లో రాశారు. కర్పూరం పిల్లలు మింగితే నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. పొగాకు కషాయంలోని నికోటిన్ చేతి చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది, గ్లౌజులు లేకుండా పిండకూడదు. పచ్చిమిర్చి, వెల్లుల్లి కషాయం గాలికి ఎదురుగా కొడితే కళ్లు మండిపోతాయి. చెట్టు నుంచి వచ్చిన విషాన్నీ విషంలాగే చూడాలి.

ఇంత చెప్పినా ఎప్పుడో ఒకప్పుడు ఏదో జరుగుతుంది. అప్పుడు మన ఇళ్లలో వెంటనే చేసేది ఉప్పునీళ్లో చింతపండు నీళ్లో తాగించి వాంతి చేయించడం. దయచేసి ఆ పని చేయకండి. కిరోసిన్ జాతి ద్రవం మింగినవాళ్లకు వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు కూడా పట్టకండి, కలరా ఉండల విషం కొవ్వుతో కలిసి ఒంటికి ఇంకా తొందరగా పడుతుంది. ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి సబ్బుతో బాగా కడగండి. కంట్లో పడితే 15 నిమిషాలు నల్లా కింద ధారగా నీళ్లు పోయండి. పీలిస్తే బయటి గాలికి తీసుకురండి. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, ఖర్చు లేదు. గోడ మీద రాసిపెట్టుకోండి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు డబ్బా వెంట తీసుకెళ్లండి. దీని విలువ వైద్యులకే తెలుసు. పొలం మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ జాతిదైతే అట్రోపిన్ అనే విరుగుడు ఉంది. రక్తం గడ్డకట్టకుండా చేసే ఎలుకల బిళ్లలకు విటమిన్ కె ఉంది. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టు తిన్నవాళ్లు ఒకటి రెండు రోజులు బాగానే తిరుగుతారు, తగ్గిపోయిందని ఇంటికి వచ్చేస్తారు. ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. ఏది మింగారో తెలిస్తే మొదటి గంట వృథా కాదు. పేరు లేని నీళ్ల బాటిల్ తీసుకెళ్తే వైద్యుడు ఏం చూడాలి?

ఈ ప్రసంగం అయిపోగానే లేచి మీ సింకు కింద అర ఒక్కసారి తెరవండి. లేబుల్ లేనిదీ, వేరే సీసాలో పోసిందీ, ఎర్ర గుర్తు ఉన్నదీ, నువాన్ పేరున్నదీ ఏరి పక్కన పెట్టండి. వాటిని డ్రెయినేజీలో పారబోయకండి, మూత బిగించి, కాగితంలో చుట్టి, మీద విషం అని పెద్ద అక్షరాలతో రాసి, తడిచెత్తలోనూ పొడిచెత్తలోనూ కలపకుండా ప్రమాదకరమైన చెత్తగా చెత్తబండి వాళ్లకు చెప్పి మరీ ఇవ్వండి. ఆ డబ్బాలను చేతులతో ఎత్తేది వాళ్లే. మిగిలినవి పైన, తాళం వేసే అరలో, వాటి సొంత డబ్బాల్లోనే ఉంచండి. రేపటికి వాయిదా వేయకండి.